కట్టెలు చీల్చే మిషన్ ఆషాఢం తర్వాత ఒకటే అరుపు, రెండుసార్లు ఆయిల్ మార్చినా తగ్గలేదు

తుమ్మమొద్దు
పరకాల దగ్గర మాకు కట్టెల అడితి ఉంది. రెండేళ్ల కింద గొడ్డళ్లు పక్కన పెట్టి మిషన్ తీసుకున్నాం. ఒక పక్క మొద్దులు ముక్కలు చేసే గుండ్రటి రంపం, ఇంకో పక్క హైడ్రాలిక్ సిలిండర్‌తో చీల్చే బల్ల. 10 హెచ్‌పీ మోటార్, 70 లీటర్ల ఆయిల్ ట్యాంకు. ఇన్నాళ్లూ ఏ పేచీ పెట్టలేదు.

ఆషాఢంలో పెళ్లిళ్లు ఉండవు కాబట్టి గిరాకీ లేదు. మిషన్ మీద తాటిపత్రి కప్పి నెల రోజులు వదిలేశాం. శ్రావణం రాగానే స్విచ్ వేస్తే పంపు దగ్గర ఒకటే అరుపు. రేకు డబ్బాలో గులకరాళ్లు వేసి ఊపినట్టు ఉంటుంది. ముందు ఒక మొద్దు చీల్చడానికి 8 సెకన్లు పట్టేది, ఇప్పుడు 15. వేప మొద్దు పెడితే ఉలి సగంలో ఆగి వణుకుతుంది.

ఆయిల్ మార్చాం. తగ్గలేదు. వేరే రకం తెచ్చి మళ్లీ మార్చాం. తగ్గలేదు. రెండుసార్లకు కలిపి జేబు ఖాళీ అయింది. మెకానిక్ వచ్చి చెవి పెట్టి విని, "పంపు పోయింది, కొత్తది వేయాలి" అని చెప్పి పోయాడు. కొత్త పంపు తెచ్చే ముందు ఇంకేమైనా చూసుకోవాలా? అసలు ఈ మిషన్‌కు రోజూ ఏం చేయాలి, వారానికి ఏం చేయాలి అనేది మాకు అమ్మినవాళ్లు సరిగ్గా చెప్పలేదు.

అగ్గిపెట్టె
అత్తగారింటికి పోకుండా నెల రోజులు ఆషాఢం పాటించింది కదా, అలిగి ఉంటుంది.

మానేరు_గట్టు
68 నంబర్ ఆయిల్ పోశారా, 46 పోశారా? నంబర్ పెరిగేకొద్దీ ఆయిల్ చిక్కన. మా కరీంనగర్‌లో అందరూ 68 వాడతారు. 46 పోస్తే ఎండకు నీళ్లలా పలచబడుతుంది, బలం రాదు. సగం సమస్యలు అక్కడే.

తుమ్మమొద్దు
మొదట 68. తర్వాత 46. రెండింటికీ అదే అరుపు.

ఎర్రనేల_నర్సంపేట
పంపు మీద డబ్బులు పెట్టకు తమ్మీ. వాల్వు బ్లాకు మీద ఒక బోల్టు, దానికో చెక్ నట్టు ఉంటాయి చూడు. అది రెండు చుట్లు బిగిస్తే ప్రెషర్ పెరుగుతుంది. మా మిషన్ నెమ్మదించినప్పుడు అదే చేశాను, మొద్దులు పటపటా పగిలాయి.

గ్రీజుగన్ను
తుమ్మమొద్దు, పైన చెప్పిన పని మాత్రం చేయొద్దు. అది రిలీఫ్ వాల్వు. ప్రెషర్ హద్దు దాటితే ఆయిల్‌ను ట్యాంకుకు మళ్లించడానికి పెట్టింది. గేజు పెట్టకుండా దాన్ని బిగిస్తే, ఆ హద్దును నువ్వే తీసేసినట్టు. హన్మకొండలో నేను 19 ఏళ్లుగా ట్రాక్టర్లు, జేసీబీల హైడ్రాలిక్ పని చేస్తున్నాను. అలా బిగించి హోస్ పైపు పగలగొట్టుకున్నవాళ్లను, సిలిండర్ కూర్చున్న వెల్డింగు ఊడగొట్టుకున్నవాళ్లను చూశాను. పైగా ఇక్కడ రోగం వేరు. ప్రెషర్ తక్కువైతే ఉలి ఆగుతుంది కానీ పంపు గులకరాళ్ల శబ్దం చేయదు.

నాలుగు సంగతులు చెప్పు.
అరుపు ఎప్పుడూ ఒకే తీరుగా ఉందా, ఉలి ముందుకు పోయేటప్పుడు ఎక్కువా?
ట్యాంకులో ఆయిల్ మీద నురుగు ఉందా?
ఆయిల్ మార్చినప్పుడు ట్యాంకు లోపల ఉండే జాలీ ఫిల్టర్ తీసి కడిగారా?
ట్యాంకు, పంపు రెండూ కనిపించేలా ఒక ఫోటో పెట్టు.

ఎర్రనేల_నర్సంపేట
నా మిషన్ రెండేళ్ల నుంచి అలాగే నడుస్తోంది అన్నా. ఏ వెల్డింగూ ఊడలేదు.

గ్రీజుగన్ను
ఇంకా ఊడలేదు అనాలి. మీ మిషన్ ముందు నిలబడే మనిషి ఎవరో గానీ, వారానికొకసారి ఆ వెల్డింగు చుట్టూ దుమ్ము తుడిచి, సన్నటి గీతలాంటి పగులు ఉందేమో చూడమనండి.

పొయ్యి_దగ్గర
నేను మిషన్ మనిషిని కాదు, జమ్మికుంటలో ఫంక్షన్లకు వంటలు చేయిస్తాను. మా వైపు నుంచి ఒక్క మాట. చీలని కట్టె అని మీరు మొద్దుగానే పంపిస్తే మాకు పొయ్యి కింద పొగ తప్ప మంట రాదు. సన్నగా చీల్చిన తుమ్మ కట్టె అయితే అగ్గి నిలుస్తుంది, బగారా అన్నానికి దమ్ము సరిగ్గా పడుతుంది. కాబట్టి మిషన్ తొందరగా బాగు చేసుకో తమ్ముడూ, శ్రావణం శుక్రవారాలు దగ్గర పడుతున్నాయి.

తుమ్మమొద్దు
గ్రీజుగన్ను అన్నా, ఇప్పుడే పోయి చూసి వచ్చాను. ఉలి ముందుకు పోయేకొద్దీ అరుపు పెరుగుతోంది. వెనక్కి వచ్చేటప్పుడు బాగా తగ్గుతోంది. నేనైతే ఇన్ని రోజులు ఇది గమనించనే లేదు. నురుగు కొంచెం ఉంది. జాలీ ఫిల్టర్ అని ఒకటి ఉంటుందని ఇప్పుడే తెలిసింది. కింద బోల్టు విప్పి ఆయిల్ దించాం, పైన పోశాం, అంతే. ఫోటో పెట్టాను.

వైండింగ్_షాపు
ఫోటోలో మోటార్ వెనక ఫ్యాను జాలీ చూస్తే నాకు టెన్షన్ వస్తోంది. పొట్టుతో పూర్తిగా మూసుకుపోయి ఉంది. మోటార్ ఊపిరి అక్కడి నుంచే తీసుకుంటుంది. కాజీపేటలో నా దగ్గరికి వచ్చే కాలిన మోటార్లలో పొట్టు మిల్లులవి, కట్టె మిషన్లవి ఇలాగే ఉంటాయి. రోజూ సాయంత్రం చీపురు పుల్లతో అది గీకు. ఇంకో విషయం, స్టార్టర్‌లో సింగిల్ ఫేజ్ ప్రివెంటర్, అంటే ఒక ఫేజు పోతే మోటార్‌ను ఆపేసేది, ఉందా? మూడు ఫేజుల్లో ఒకటి పోయినప్పుడు మోటార్ మూలుగుతూ నడుస్తుంది. మీరు మొద్దు గట్టిగా ఉందనుకుంటారు, లోపల వైండింగ్ మాడిపోతుంది.

మానేరు_గట్టు
ట్యాంకు పైన నల్లగా మూట కట్టినట్టు ఉంది, అదేంటి?

తుమ్మమొద్దు
అది ఆయిల్ పోసే మూత అన్నా. ప్లాస్టిక్ మూత ఎండకు పగిలిపోయింది. వానాకాలం నీళ్లు పోకుండా యూరియా బస్తా లోపలి కవరు రెండు మడతలు వేసి, సైకిల్ ట్యూబు ముక్కతో బిగించి కట్టాను. ఆయిల్ మార్చిన రెండుసార్లూ విప్పి, మళ్లీ అంతే గట్టిగా కట్టాం. ఆయిల్ కూడా అంచుదాకా నిండా పోశాం, తక్కువైతే పంపుకు అందదని.

గ్రీజుగన్ను
దొరికింది.

అది ఉత్త మూత కాదు, ట్యాంకు గాలి పీల్చే ముక్కు. దాని పేరు బ్రీదర్. ఉలి ముందుకు పోతున్నప్పుడు సిలిండర్‌లోకి పోయే ఆయిల్ ఎక్కువ, తిరిగి వచ్చేది తక్కువ. లోపల రాడ్డు ఉంటుంది కదా, ఆ మందం తేడా. అందుకే ట్యాంకులో మట్టం దిగుతుంది. దిగిన జాగాలోకి బయటి గాలి రావాలి. కిరాణా కొట్టులో నూనె డబ్బాకు ఒక్కటే చిల్లు పెడితే నూనె ధారగా పడుతుందా? గుటగుట అని ఆగి ఆగి పడుతుంది. రెండో చిల్లు పెడితేనే పారుతుంది. నువ్వు ఆ రెండో చిల్లుకు సైకిల్ ట్యూబు కట్టావు. నిండా పోయడం వల్ల లోపల గాలికి ఉన్న కాస్త జాగా కూడా పోయింది, లాగుడు ఇంకా గట్టిగా తగులుతోంది. పంపు ఆయిల్ అందక లోపల బుడగలు పుట్టించుకుని, అవి పగులుతుంటే వచ్చేదే ఆ గులకరాళ్ల శబ్దం. ఉలి వెనక్కి వచ్చేటప్పుడు మట్టం మళ్లీ పైకి వస్తుంది, అందుకే అప్పుడు అరుపు తగ్గుతోంది.

మిషన్ నడుస్తుండగా కవరును చూడు, లోపలికి గుంట పడుతుంది. తర్వాత ఆపి ట్యూబు విప్పు. జాలీ ఫిల్టర్ కూడా తీయాలి, అది కడగకుండా ఊరుకోవద్దు.

అగ్గిపెట్టె
మిషన్‌కు ఊపిరాడకపోతే రెండుసార్లు కడుపు కడిగి పంపారు. నాకు గుర్తుకొచ్చిన డాక్టర్ పేరు ఇక్కడ రాయను.

జామాయిల్_రైతు
నేను ములుగు వైపు, ట్రాక్టర్ వెనక పీటీఓకు, అంటే ఇంజన్ తిప్పే షాఫ్టుకు, తగిలించే స్ప్లిట్టర్ (చీల్చే మిషన్) వాడతాను. పీటీఓ నిమిషానికి 540 చుట్లు తిరగాలని ఉంటే, మావాడు డీజిల్ మిగులుతుందని ఇంజన్ తక్కువలో పెట్టి చీల్చేవాడు. నెమ్మదిగా పోతోందని మేమూ పంపునే అనుమానించాం. మీ కథ చదివాక నవ్వొచ్చింది. మనిషి చేసిన పనికి ప్రతిసారీ పంపే దోషి.

జామాయిల్ గురించి ఒక మాట. పచ్చిగా ఉండగానే చీల్చండి. ఎండిందంటే నార మెలికలు పడి ఉలిని పట్టుకుని వదలదు.

మానేరు_గట్టు
పచ్చిది కోస్తే రంపానికి బంక అంటుతుంది కదా అన్నా. తుమ్మ, వేప అయితే మరీ. పళ్ల మీద గోధుమ రంగు పెచ్చు కట్టి, రంపం వేడెక్కి, కట్టె మీద నల్లటి కాలిన గీత పడుతుంది. మా మిల్లులో రోజూ పని అయ్యాక కరెంటు మెయిన్ తీసేసి, కిరోసిన్ గుడ్డతో పళ్లు తుడుస్తాం. ఆకురాయి పట్టే ముందు ఆ బంక పోవాలి, లేకపోతే ఆకురాయే మూసుకుపోతుంది.

కాలిన గీత వచ్చిందంటే పళ్ల సెట్ తగ్గిందని కూడా అర్థం. ఒక పన్ను కుడికి, ఒక పన్ను ఎడమకు కొంచెం వంగి ఉండాలి. అది పోతే కోత ఇరుకై రంపం కట్టెలో బిగుసుకుంటుంది. మా నాన్న రంపం చప్పుడు వినే చెప్పేవాడు, "సాన అడుగుతోందిరా" అని. నాకు ఇంకా ఆ చెవి రాలేదు.

చదివేవాడు_మాత్రమే
మూడేళ్లుగా ఇక్కడ ఉన్నాను, ఇదే నా మొదటి పోస్టు. మొద్దుల్లో మేకుల గురించి ఎవరూ చెప్పలేదు. రోడ్డు పక్క చెట్లకు ట్యూషన్ బోర్డులు, ఎలక్షన్ బోర్డులు కొడతారు. పదేళ్లలో మేకు మీద బెరడు కప్పేస్తుంది. మాకు అలాంటి వేప మొద్దు వచ్చింది. రంపం పళ్లు మూడు ఎగిరాయి, ఒకటి షెడ్డు రేకులో గుచ్చుకుంది. ఇప్పుడు పాత స్పీకర్ అయస్కాంతం ఒకటి కర్రకు కట్టి, రోడ్డు పక్క నుంచి వచ్చిన ప్రతి మొద్దు చుట్టూ తిప్పుతాం. లోతుగా ఉన్న మేకు పట్టదు, కానీ బెరడు కింద ఉన్నది పట్టేస్తుంది. బెరడు మీద నీలం నలుపు మరక ఉన్నా అనుమానించాలి, ఇనుము తగిలిన చోట కట్టె అలా మారుతుంది.

పొయ్యి_దగ్గర
మూడేళ్లు మౌనంగా ఉండి మంచి మాట చెప్పావు. మాకు బూడిదలో మేకులు దొరుకుతుంటాయి, ఎక్కడివా అనుకునేదాన్ని.

తుమ్మమొద్దు
ఇంకా నమ్మబుద్ధి కావడం లేదు. మిషన్ నడుపుతూ చూశాను. కవరు మధ్యలో దోసిలంత గుంట పడింది. ఆపి ట్యూబు విప్పుతుంటే "పుస్" అని గాలి లోపలికి పోయింది. మా చిన్నోడు పక్కనే ఉన్నాడు, పాము అనుకుని బయటికి ఉరికాడు. పలచటి గుడ్డ ఒకటి అడ్డం పెట్టి మళ్లీ స్టార్ట్ చేశాను. అరుపు ముప్పావు వంతు పోయింది. మిగతా పావు ఇంకా ఉంది. రేపు ఫిల్టర్ తీస్తాం.

గ్రీజుగన్ను
గుడ్డ ఒకటి రెండు రోజులే. కొత్త బ్రీదర్ మూత వేయించు, లోపల స్పాంజీ లేదా జాలీ ఉన్నది. రంపం పక్కనే ట్యాంకు ఉన్న మిషన్ నీది, పొట్టు అంతా దాని మీదే వాలుతుంది. తీసేటప్పుడు, పెట్టేటప్పుడు చుట్టూ తుడవకపోతే ఆ పొట్టంతా ఆయిల్‌లోకే.

ఎర్రనేల_నర్సంపేట
సరే, బ్రీదర్ సంగతి ఒప్పుకుంటాను. కానీ వానాకాలం నీళ్లు పోకుండా ఏం కట్టాలి మరి? తాటిపత్రి కింద కూడా చెమ్మ పడుతుంది.

గ్రీజుగన్ను
తాటిపత్రిని నేలదాకా దించి గట్టిగా కట్టడమే తప్పు. కింద నుంచి గాలి ఆడాలి. మిషన్ మూసి పెట్టే ముందు సిలిండర్ రాడ్డును పూర్తిగా లోపలికి లాగి పెట్టాలి. బయట వదిలేస్తే మెరిసే రాడ్డు మీద తుప్పు చుక్కలు పడతాయి. ఆ చుక్కలు సీలును ఆకురాయిలా గీకుతాయి, తర్వాత కారుడే కారుడు. వారానికి ఒకసారి పది నిమిషాలు ఉత్తగా నడిపితే ఇంకా మంచిది.

ఆయిల్‌లోకి నీళ్లు పోయాయని అనుమానం ఉంటే ఒక గ్లాసు సీసాలో పట్టి రాత్రంతా కదపకుండా పెట్టాలి. పొద్దున్నకు తేటపడితే అంతకుముందు ఉన్నది గాలి బుడగలే. పాలలా తెల్లగానే ఉంటే, అడుగున నీళ్లు దిగితే, మార్చాల్సిందే. తొందరగా తెలియాలంటే వేడి రేకు మీద ఒక చుక్క వేయండి, నీళ్లుంటే చిటపటమంటుంది.

అగ్గిపెట్టె
వేడి రేకు అంటే దోసె పెనం కాదు, ముందే చెబుతున్నాను. నేను డీజిల్ మీద ఇలాంటి ప్రయోగమే చేసి రెండు రోజులు హోటల్లో తిన్నాను.

జామాయిల్_రైతు
లీకు గురించి నేనూ ఒకటి. హోస్ పైపు దగ్గర సన్నగా తుంపర వస్తుంటే ఎక్కడి నుంచో తెలియడానికి చేత్తో తడమకండి. ఆ ప్రెషర్‌కు ఆయిల్ సూదిలా చర్మంలోకి దిగుతుంది. పైకి చీమ కుట్టినట్టే కనిపిస్తుంది, లోపల చెయ్యే పోయే ప్రమాదం. అట్టముక్క అడ్డం పెట్టి చూడాలి, తడి ఎక్కడ పడితే అక్కడ లీకు. ఒకవేళ చర్మంలోకి దిగితే నొప్పి లేదని ఇంట్లో కూర్చోవద్దు, వెంటనే పెద్దాసుపత్రి.

ఎర్రనేల_నర్సంపేట
నేను వేలు పెట్టే చూస్తాను ఎప్పుడూ. ఇది తెలియదు.

మానేరు_గట్టు
దసరా గురించి కూడా మాట్లాడుకోవాలి. ఆయుధ పూజకు మిషన్‌ను ప్రెషర్ పంపుతో కడిగి, బొట్లు పెట్టి, గుమ్మడికాయ కొట్టి, అదే ఏడాది సర్వీసు అనుకుంటాం. మా రంపం షాఫ్టు బేరింగులు ఒకసారి దసరా తర్వాత పది రోజులకే పట్టేశాయి. ఆ నీళ్ల ధార సీలు దాటి లోపలికి పోయి గ్రీజును కడిగేసింది. ఇప్పుడు గాలితో ఊది, గుడ్డతో తుడిచి, ముందు గ్రీజు, తర్వాత కుంకుమ.

అగ్గిపెట్టె
గ్రీజు మీద కుంకుమ బాగా పట్టుకుంటుంది కూడా.

వైండింగ్_షాపు
గ్రీజు అనగానే బేరింగు పక్కల నుంచి బయటికి ఉబికే దాకా కొట్టేవాళ్లున్నారు. ఎక్కువైనా తప్పే, సీలు బయటికి తోసుకువస్తుంది, బేరింగు వేడెక్కుతుంది. గన్నుతో రెండు మూడు నొక్కులు చాలు. ఉలి జారే బల్లకు మాత్రం రోజూ పూయాలి, అక్కడ పొట్టు గ్రీజును తినేస్తుంది. 2024 ఫిబ్రవరిలో మేడారం జాతరకు ముందు మా బావమరిది మిషన్ పగలూ రాత్రీ నడిపాడు. జాతర నాలుగు రోజులే కానీ కట్టెల పని నెల ముందు నుంచే. గ్రీజుకు టైము లేదన్నాడు. బల్ల మీద గాడి పడింది, జాతర అయ్యాక దాన్ని చదును చేయించడానికి వారం పట్టింది.

చదివేవాడు_మాత్రమే
బెల్టులు ఎప్పుడు మార్చాలి? మావి రెండు ఉన్నాయి, ఒకటి వదులైంది.

గ్రీజుగన్ను
రెండూ మార్చు. కొత్తదీ పాతదీ కలిపి వేస్తే బరువంతా కొత్తదాని మీదే పడి అదీ తొందరగా పోతుంది. బిగింపు ఎంత అంటే, రెండు పుల్లీల మధ్యలో బొటనవేలితో నొక్కితే అర అంగుళం దాకా దిగాలి. మరీ బిగిస్తే మోటార్ బేరింగు తింటుంది. రెండు పుల్లీల మీదుగా ఒక దారం లాగి పట్టు, నాలుగు అంచులకూ దారం తగలాలి. తగలకపోతే పుల్లీలు వంకరగా ఉన్నట్టు. కొత్త బెల్టు ఒక రోజు నడిచాక సాగుతుంది, మళ్లీ చూసుకో.

బెల్టు మీద రేకు మూత ఎవరూ తీసేయకండి. గాలి తగలాలని తీసేస్తారు. వరంగల్‌లో నాకు తెలిసిన ఒకాయన మెడ మీది తువ్వాల బెల్టులో పడింది. తువ్వాల పాతది కాబట్టి చిరిగింది, మనిషి మిగిలాడు. లుంగీలు, వదులు చొక్కాలు, రంపం దగ్గర చేతికి గ్లౌజులు, ఏవీ వద్దు. ఇంకోటి, చీల్చేటప్పుడు లివరు నొక్కేవాడే మొద్దు పెట్టాలి. ఒకడు పెట్టడం, ఇంకొకడు నొక్కడం ఉంటే ఏదో ఒక రోజు మాట వినపడదు.

పొయ్యి_దగ్గర
ఈ చివరి మాట మా వంట మనుషులకు కూడా చదివి వినిపించాను. పెద్ద గ్రైండర్ దగ్గర మా దగ్గరా ఇదే పద్ధతి, ఒకరు వేస్తారు, ఒకరు స్విచ్ నొక్కుతారు. రేపటి నుంచి మారుస్తాం.

తుమ్మమొద్దు
ఫిల్టర్ తీశాం. ఆయిల్ మొత్తం శుభ్రమైన డ్రమ్ముల్లోకి దించి, ట్యాంకు పక్కన పెద్ద మూత విప్పితే లోపల పంపు పైపు చివర ఉంది. జాలీ కనిపించడం లేదు. దాని చుట్టూ పొట్టు, ఆయిల్ కలిసి సున్నుండ పిండిలా పట్టి ఉంది. వేలితో తీస్తే ముద్దలు ముద్దలుగా వచ్చింది. డీజిల్‌లో నానబెట్టి, మెత్తటి బ్రష్‌తో కడిగి, లోపలి నుంచి బయటికి గాలి కొట్టాం. ట్యాంకు అడుగున కూడా అదే ముద్ద, నూలు పోగులు లేని గుడ్డతో తుడిచాం. ఆయిల్‌ను సన్నటి జాలీతో వడగట్టి, ఈసారి అంచుకు నాలుగు వేళ్లు తగ్గించి పోశాం. కొత్త మూత వరంగల్ నుంచి తెప్పించాను.

స్టార్ట్ చేస్తే మోటార్ చప్పుడు తప్ప ఏమీ లేదు. మా అమ్మ లోపలి నుంచి వచ్చి "కరెంటు పోయిందా" అని అడిగింది. మొద్దుకు 8 సెకన్లు, ఫోన్‌లో చూసుకున్నాను. మోటార్ జాలీ కూడా గీకాం, వైండింగ్_షాపు అన్నా.

గ్రీజుగన్ను
పంపు ఆర్డరు ఇచ్చావా?

తుమ్మమొద్దు
ఇవ్వలేదు. అడ్వాన్సు కూడా ఇవ్వలేదు, అదొక్కటి మంచి పని చేశాను.

గ్రీజుగన్ను
కానీ అన్ని రోజులు బుడగలతో నడిచింది కాబట్టి పంపు లోపల కొంత తినే ఉంటుంది. వచ్చే ఎండాకాలం ఆయిల్ బాగా కాగినప్పుడు మధ్యాహ్నం పూట చప్పుడు లేకుండా నెమ్మదిస్తే, అప్పుడు పంపు గురించి ఆలోచించు. మిషన్ ఎన్ని గంటలు నడిచిందో చూపే మీటరు ఒకటి పెట్టించు, లేదా ఆ గంటలు గోడ మీద సుద్దతో రాసుకో. ఈ వడగట్టిన ఆయిల్ తాత్కాలికమే అనుకో, 50 గంటలు నడిచాక ఫిల్టర్ ఇంకోసారి విప్పి చూడు. ఎంత ముద్ద పట్టిందో దాన్ని బట్టి మళ్లీ ఎన్నాళ్లకు విప్పాలో తెలుస్తుంది.

మానేరు_గట్టు
అంతా బాగుంది. ఇప్పుడు పోసింది 46ఆ, 68ఆ?

తుమ్మమొద్దు
46. రెండోసారి మార్చినది అదే కదా.

మానేరు_గట్టు
ఏప్రిల్‌లో మళ్లీ ఇక్కడికే వస్తావు.

గ్రీజుగన్ను
మిషన్ మీద రేకుకు అతికించిన పట్టీలో ఏ నంబర్ ఉందో చూసి అది పోయండయ్యా. కొట్లాట ఎందుకు.

తుమ్మమొద్దు
పట్టీ మీద నంబర్ ఉన్న చోటే మా నాన్న పోయిన దసరాకు పసుపు పూసి బొట్టు పెట్టాడు. గీకి చూసి చెబుతాను.